పలకబండలు పరిచిన షికారు బండి

మోటారు బండ్ల బీమా సర్వే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందుగా ఒక మాట. బండి ఎక్కినాక కాళ్లకు చల్లగా, హాయిగా ఉంటే వెంటనే కిందికి దిగి స్ప్రింగులు చూడండి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం పోయింది.

మార్కాపురం, కంభం, గిద్దలూరు రోడ్ల మీద తిరిగిన బస్సులూ లారీలూ చాలావరకు నా చేతి కిందుగా పోయినవే. నేను సరే అని రాస్తే మద్రాసులో బీమా కాగితం పుట్టేది. కాదని రాస్తే పుట్టేది కాదు. పనిమంతుణ్ణి కాబట్టి పనిమంతుణ్ణనే చెప్పుకుంటాను, దాంట్లో సిగ్గేముంది. అయితే పనిమంతుడు చేసిన తప్పు మామూలు మనిషి చేసిన తప్పుకంటే ఎక్కువ దూరం పోతుంది. అట్లాంటి తప్పు నేనొకటి చేసినాను. దాన్ని ఎట్ల దిద్దుకున్నానో చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నాకు జీతం ఎప్పుడు పెరిగింది, చివరి రోజున ఎవరు దండ వేసినారు, ఇవేమీ రాయను. వాటితో మీకు పని లేదు.

ఇరుసును అడగాల

మా నాయన మార్కాపురంలో కమ్మరి. ఎద్దుల బండ్లకు ఇరుసులు వేసేవాడు, చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడు. ఇరుసు విరిగి వచ్చిన ప్రతి రైతూ "తక్కువే ఎత్తినాం మామా, ఏందో మరి, విరిగింది" అనేవాడు. మా నాయన ఊ కొట్టేవాడే గానీ ఆ మాట చెవిన వేసుకునేవాడు కాదు. విరిగిన చోట బొటనవేలు పెట్టి తడిమి చూసేవాడు. "బరువెంతని రైతును అడగొద్దురా బ్రమ్మయ్యా, ఇరుసును అడుగు. రైతుకు ఆశ ఉంటుంది, ఇరుసుకు ఏముంటుంది" అని నాతో అనేవాడు.

నేను కొలిమి వదిలి కంభంలో బస్సుల షెడ్డులో చేరినాను. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపినాం. వెనక పొయ్యి, ముందు ఇంజను, మధ్యలో దగ్గుకుంటా జనం. ఆ బస్సులను గిద్దలూరు పైన కనుమ ఎక్కించిన మేస్త్రీలు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, అందులో నేను మొదటివాణ్ణి. యుద్ధం ముగిసినాక రోడ్డెక్కే ప్రతి మోటారుకూ బీమా ఉండి తీరాలన్నారు. ఎవరి బండి కింద ఎవరు పడినా వాళ్లకొక దిక్కుండాలని ఆ చట్టం. అప్పుడు మద్రాసు కంపెనీ ఒకటి మా పక్క బండ్లు చూసే మనిషి కోసం వెతికి నన్ను పెట్టుకుంది.

అక్కడి మేనేజరు నెల్లూరు వైపు మనిషి. సన్నగా ఉండేవాడు, మాట కూడా సన్నమే, కానీ కోసేది. మొదటి ఏడాది ఒక బస్సు ప్రమాదం మీద నేను రిపోర్టు రాస్తా, డ్రైవరు తాగి ఉన్నాడని రాసినాను. నన్ను మద్రాసుకు పిలిపించినాడు.

"వాసన చూశావా?" అని అడిగినాడు.

"లేదు సార్. ఊరంతా అనుకుంటా ఉంది."

"ఊరికి నేను జీతం ఇవ్వడం లేదు బ్రహ్మయ్యా, నీకు ఇస్తున్నాను. చూసింది రాయి. చూడనిది రాయకు. చూసి కూడా రాయకపోవడం రెండింటికంటే పెద్ద తప్పు."

ఇంతకంటే మంచి పాఠం ఈ పనిలో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మూడో మాటను ఆయనకే తిరిగి చెప్పాల్సి వస్తుందని ఆనాడు ఇద్దరికీ తెలియదు.

ఇల్లులాంటి మోటారు

పుల్లారెడ్డి గారిది మార్కాపురంలో పలకల గని. పిల్లలు రాసుకునే పలకలూ, ఇళ్లల్లో పరిచే బండలూ ఆయన గనిలో తీసేవాళ్లు. మనిషి మంచివాడు, చేతికి ఎముక లేదు, తిక్క మాత్రం మెండు. మిలిటరీవాళ్లు యుద్ధం తర్వాత వేలం వేసిన లారీ ఒకటి మద్రాసులో కొని తెచ్చినాడు. దాని మీద వడ్లవాళ్లతో ఒక గది కట్టించినాడు. లోపల రెండు మంచాలు, వంటకు అరుగు, కిటికీలకు తెరలు. పెండ్లాం బిడ్డలతో కంభం చెరువుకూ, నల్లమల అడవికీ, అహోబిలం తిరునాళ్లకూ అందులో పోయి, అందులోనే వండుకొని, అందులోనే పడుకోవాలని ఆయన ముచ్చట. "రైలు టైముకు నేను పోయేది ఏంది, నా టైముకు నేను పోతా" అనేవాడు. ఊళ్లో అందరూ దాన్ని షికారు బండి అనేవాళ్లు.

చెక్క గది కట్టినాక బండిని కర్నూలు తీసుకపోయి తూకం వేయించి రిజిస్టరు చేయించినాడు. అప్పటికి అంతా సక్రమమే. ఎండాకాలం వచ్చినాక ఆ గది పొయ్యి అయింది. లోపల కూచుంటే నెత్తి మాడుతుంది. మార్కాపురం మనిషి ఇల్లు చల్లబడాలంటే ఏం చేస్తాడు? పలకబండలు పరుస్తాడు. రెడ్డి గారూ అదే చేసినాడు. గని మేస్త్రీని పిలిచి కింద సున్నం పోసి రెండు వేళ్ల మందం బండలు పరిపించినాడు, పైకప్పు మీద కూడా ఒక వరస వేయించినాడు.

దాన్ని పిచ్చి పని అనుకోకండి. మా ఊళ్లో పలకను ఎవరూ తూకం వేయరు, లెక్క పెడతారు. గనిలో కూలీ లెక్క మీద, దుకాణంలో అమ్మకం లెక్క మీద. కురిచేడు స్టేషనులో రైలువాళ్లు తూకం వేసుకుంటారేమో, అది వాళ్ల గొడవ. రెడ్డి గారిని ఎన్ని బండలు పట్టినాయని అడిగితే ఠక్కున చెప్తాడు. ఎంత బరువని అడిగితే ఆ ప్రశ్నే ఆయనకు అర్థం కాదు.

బీమా కోసం బండి చూడమని కంపెనీ నాకు రాసింది. మిట్టమధ్యాహ్నం పోయినాను. ఇంజను చూసినాను, బ్రేకులు చూసినాను, స్టీరింగు తిప్పి చూసినాను, దీపాలు వెలిగించి చూసినాను. అన్నీ బాగున్నాయి. లోపలికి ఎక్కితే రెడ్డి గారి ఇల్లాలు మజ్జిగ ఇచ్చింది. మంచం మీద కూచుని, కాళ్లు ఆ నల్లటి బండల మీద ఆనించి, మజ్జిగ తాగినాను. బయట నిప్పులు కురుస్తా ఉంటే లోపల బావి గట్టు మీద కూచున్నట్టుంది.

"ఎట్లుంది ఆచారీ?" అన్నాడు రెడ్డి.

"అరికాళ్లు చల్లబడినాయి రెడ్డి గారూ. మద్రాసు దొరలకు కూడా ఉండదు ఇట్లాంటిది" అన్నాను.

బరువు రాయాల్సిన చోట రిజిస్టరు పుస్తకంలో ఉన్న అంకె చూసి రాసినాను. బరువు సరిగ్గా ఉంది అని సంతకం పెట్టినాను. మద్రాసువాడు ఎవడైనా వచ్చింటే మోటారులో రాయి ఏందని అడిగుండేవాడు. నేను పలకబండల మధ్య పుట్టి పెరిగినోణ్ణి. నాకది రాయిగా కనపడలేదు, ఇంటి గచ్చుగా కనపడింది. కమ్మరి కొడుకునై ఉండి ఇరుసును అడగలేదు. ఇదీ నా తప్పు.

కనుమలో

రెండు నెలలకు కంపెనీ నుంచి తంతి వచ్చింది. షికారు బండి అడవి నుంచి గిద్దలూరుకు కనుమ దిగుతా ఉంటే బ్రేకులు పట్టలేదంట. ఎదురుగా వెదురు బొంగుల బండి ఒకటి ఎక్కి వస్తా ఉంది. డ్రైవరు లోయ పక్కకు పోనీయకుండా కొండ పక్కకు కోసి గట్టుకు కొట్టినాడు. లోపలున్న రెడ్డి కుటుంబం గీతలతో బయటపడింది. ఆ ఊపులో బండి వెనక భాగం తగిలి, వెదురు బండి తోలే ఓబయ్యకు మాత్రం కాలు రెండు చోట్ల విరిగింది. డ్రైవరు ఒళ్లు తెలియని వేగంతో తోలినాడని పోలీసులు కేసు రాసి, అతన్ని గిద్దలూరు సబ్‌జైల్లో పెట్టినారు.

నేను కనుమకు పోయేసరికి రోడ్డంతా నల్లగా పలకముక్కలు. పక్క పల్లె పిల్లలు రాసుకోవడానికి మంచి ముక్కలు ఏరుకుంటా ఉన్నారు. ఆ ముక్కల మధ్య నిలబడి చూస్తే, ఏం జరిగిందో అంతా అప్పుడే అర్థమైంది.

అయినా పని పనే. చక్రాలు ఊడదీయించినాను. బ్రేకు డ్రమ్ములు కొలిమిలో కాల్చిన ఇనుములా నీలం తిరిగి ఉన్నాయి. వెనక స్ప్రింగులు వంపు పోయి చెక్కబద్దల్లా చదునైనాయి. గేరు కడ్డీ రెండో గేరులో ఉంది. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. వేగంగా తోలేవాడు కనుమలో రెండో గేరు వేయడు. అంత భయంగా, అంత జాగ్రత్తగా దిగినాడు కాబట్టే బ్రేకు తొక్కి తొక్కి డ్రమ్ములు అట్ల కాలినాయి. మనిషి చేయాల్సిందంతా చేసినాడు, బరువు వినలేదు.

బండల ముక్కలన్నీ ఎద్దుల బండ్ల మీద గిద్దలూరుకు తోలించి, వేరుశనక్కాయల వ్యాపారి కాటా మీద తూకం వేయించినాను. మధ్యాహ్నం దాకా పట్టింది. ఒక టన్నుకు పైగా తేలింది. రెడ్డి గారు ఇన్నాళ్లూ ఒక టన్ను రాయిని షికారుకు తిప్పినాడన్నమాట.

దేవదానం అన్న మాట

ఆ డ్రైవరు పేరు దేవదానం. బేస్తవారిపేట దగ్గర పల్లె. వాళ్ల వాళ్లంతా కూలికి పోయే క్రైస్తవ కుటుంబాలు. ఆ పల్లెలో స్టీరింగు పట్టిన మొదటివాడు అతనే. సబ్‌జైలు బయట అతని భార్య మరియమ్మ అన్నం గిన్నె పట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూసి "అన్నా, ఆయన లైసెన్సు పోతే మళ్లీ చేలల్లోకి పోవాల్సిందేనా?" అని అడిగింది. జైలు సంగతి అడగలేదు, లైసెన్సు సంగతే అడిగింది.

లోపల దేవదానం గోడకు ఆనుకొని కూచుని ఉన్నాడు. నేను గేరు సంగతి అడిగితే అంతా చెప్పినాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"బండి బరువుగా ఉందని మొదటి రోజే రెడ్డికి చెప్పినా అన్నా. స్టీరింగు చేతికి రావడం లేదు, బ్రేకు ఆలస్యంగా పడుతోంది, నేను కనుమకు రానని కూడా చెప్పినా. ఆయన నీ కాగితం తెచ్చి చూపించినాడు. బరువు సరిగ్గా ఉందని రాసుంది. బ్రమ్మయ్య ఆచారి సంతకం ఉండాదే, నీకంటే ఆయనకు తెలియదా అన్నాడు. నిజమే గదా అనుకొని ఎక్కినా."

అతను నన్ను నిందించలేదు. ఒక్క మాట తిట్టినా నాకు కొంచెం తేలికయ్యేది. నేను ఇంటికి పోయి రెండు రోజులు మంచం దిగలేదు. ఇంట్లో అడిగితే జ్వరం అని చెప్పినాను.

మూడు దారులు

పుల్లారెడ్డి గారు పిలిపించినాడు. "చూడు ఆచారీ, బరువు సంగతి ఎత్తితే నాకు బండి నష్టం రాదు, పైగా నా మీద కేసు. వాడు వేగంగా తోలినాడని అంటే అందరికీ సరిపోతుంది. వాని పెండ్లాం బిడ్డలను నేను చూసుకుంటా. నువ్వు రాసిన కాగితంలో బరువు సరే అనే ఉంది. దాని మీదే నిలబడు." ఆయన దుర్మార్గుడని కాదు. నిజంగానే వాళ్లను చూసుకునేవాడు. కాకపోతే చేయని తప్పుకు జైలుకు పోయిన మనిషిని ఎవరు ఎంత చూసుకుంటే ఏముంది?

తర్వాత మేనేజరు మద్రాసు నుంచి రైల్లో దిగినాడు. ఆయన దారి వేరు. "బరువు ఎక్కువని చెప్పు, తప్పకుండా చెప్పు. కానీ ఆ రాళ్లు నువ్వు చూసి వెళ్లిన తర్వాత పరిచారని చెప్పు. అప్పుడు కంపెనీ ఆ రెడ్డికి ఏమీ ఇవ్వక్కర్లేదు. నువ్వు చూసి సంతకం పెట్టావని తేలితే మనం కాదనలేం. నీ ఉద్యోగం కూడా నేను కాపాడలేను" అన్నాడు.

రెండు దారుల్లోనూ నా పేరు నిలబడుతుంది. మేనేజరు చెప్పిన దారిలో దేవదానం కూడా బయటపడతాడు. ఆ రాత్రంతా ఆ ఆశ నన్ను పీకింది, దాచడమెందుకు. కానీ నా కాగితం చూపించి బండి ఎక్కించినారని దేవదానం కోర్టులో చెప్పబోతాడు. రాళ్లు తర్వాత పరిచినారని నేనంటే అతని మాట అబద్ధమవుతుంది. ఒక మాట అబద్ధమైన కూలిమనిషిని మిగతా మాటలకు ఏ కోర్టు నమ్ముతుంది?

పొద్దున్నే మేనేజరు దగ్గరకు పోయి చెప్పినాను. "సార్, చూసి కూడా రాయకపోవడం పెద్ద తప్పని మీరే చెప్పినారు. ఒకసారి చేసినాను. రెండోసారి చేయలేను."

ఆయన కాఫీ లోటా దించినాడు. "నీ ఇష్టం" అని లేచిపోయినాడు.

కోర్టులో

కోర్టు నిండా జనం. సగం మంది గని కూలీలు, సగం మంది దేవదానం పల్లెవాళ్లు. నేను సాక్షిగా నిలబడి డ్రమ్ములు, స్ప్రింగులు, గేరు, కాటా లెక్క, అన్నీ చెప్పినాను. పోలీసుల తరఫు ప్లీడరు నా పాత రిపోర్టు తీసి నా ముందు పెట్టినాడు.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"బరువు సరిగ్గా ఉందని రాసినారు. ఆనాటికి ఆ రాళ్లు బండిలో ఉండినాయా?"

"ఉండినాయి."

"మీరు చూసినారా?"

"చూసినాను. వాటి మీద కాళ్లు పెట్టుకొని మజ్జిగ తాగినాను. చల్లగా ఉన్నాయని మెచ్చుకున్నాను. తూకం వేయలేదు. పుస్తకంలో అంకె చూసి రాసినాను."

"అంటే మీ రిపోర్టు తప్పు."

"తప్పు. దాన్ని నమ్మినందుకే దేవదానం ఆ బోనులో ఉన్నాడు."

జనంలో ఎవరో నవ్వినారు, ఎవరో ఉస్సుమన్నారు. మేజిస్ట్రేటు కలం ఆపి నన్ను చూసినాడు. పిల్లలూ, నా ఉద్యోగం మొత్తంలో అంత నిటారుగా నేను ఎన్నడూ నిలబడలేదు. గర్వంగా చెప్పుకునే రోజు ఏదంటే అదే చెప్తాను.

దేవదానాన్ని వదిలేసినారు. లైసెన్సు చేతికిచ్చినారు. మరియమ్మ దాన్ని కొంగున కట్టుకొని పోయింది.

ఎవరికి ఏమైంది

ఇక్కడ చట్టం సంగతి నాలుగు మాటలు చెప్తాను, పనికొస్తాయి. షికారుకు వాడే బండే కదా, సరుకుల లారీ కాదు కదా అని యజమానులు అంటారు. చట్టానికి షికారూ సరుకూ తేడా లేదు. రిజిస్టరులో రాసిన బరువు దాటితే యజమాని మీద కేసే, పుల్లారెడ్డి గారికి జరిమానా పడింది. బరువు దాటించిన బండికి సొంత నష్టం ఇవ్వనని కంపెనీ అడ్డం తిరగవచ్చు. కానీ రోడ్డు మీద దెబ్బతిన్న పరాయి మనిషికి మాత్రం ఆ సాకు చెప్పి ఎగ్గొట్టడానికి లేదు. ఓబయ్య లాంటివానికి ముందు ఇచ్చి తీరాల, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకుంటే రాబట్టుకోవచ్చు. ఓబయ్యకు ఆ విధంగానే అందింది. కంపెనీ మనిషే చూసి సరే అన్నాడు కాబట్టి రెడ్డి గారికి బండి నష్టంలో సగం ఇచ్చి సర్దుకున్నారు. రెడ్డి గారు నాతో మూడేళ్లు మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, గనిలో ఒక కాటా పెట్టించినానని చెప్పి పోయినాడు.

నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కొలిమి ఊదుకోవడానికి సిద్ధపడినాను. నెల తర్వాత మద్రాసు నుంచి ఒక కాగితాల కట్ట వచ్చింది, కర్నూలులో లారీ ప్రమాదం, చూసి రిపోర్టు పంపమని. ఉత్తరంలో మేనేజరు ఇంకొక్క ముక్క రాయలేదు. పెద్దమనిషి అంటే అట్లుండాల. ఆనాటి నుంచి నేను ఏ పుస్తకంలో అంకెనూ చూసి రాయలేదు. తూకం వేయించి రాసినాను, కుదరకపోతే తూకం వేయలేదని రాసినాను.

మళ్లీ ఒక సంతకం

కొన్నేళ్లకు దేవదానం మరో ఇద్దరితో కలిసి పాత బస్సు ఒకటి కొన్నాడు. బేస్తవారిపేట నుంచి మార్కాపురానికి తిప్పాలని. బీమా కోసం కంపెనీ వేరే సర్వేయరును పంపుతానంటే, వద్దని, నేనే రావాలని పట్టుబట్టినాడంట. నాకు పోవాలంటే మొహం చెల్లలేదు. అయినా పోయినాను.

పొద్దున్నుంచి సాయంకాలం దాకా ఆ బస్సు కిందనే పడుకున్నాను. స్ప్రింగుల రేకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టినాను. బస్సును పుల్లారెడ్డి గారి గని కాటా దగ్గరకు తోలించి, చక్రానికొక తూకం వేయించినాను. దేవదానం పక్కన గొంతుక్కూచుని చూస్తా ఉన్నాడు. మరియమ్మ అన్నం తెస్తే, పని అయ్యేదాకా ముట్టనన్నాను.

"మజ్జిగన్నా తాగు అన్నా" అన్నాడు దేవదానం, నవ్వకుండా.

"సంతకం పెట్టినాక తాగుతా" అన్నాను.

రాసి, సంతకం పెట్టి, కాగితం అతని చేతికిచ్చినాను. చదువు వచ్చినవాడే. దాంట్లో నేనేం రాసినానో ఒక్క అక్షరమన్నా చూడలేదు. నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకొని బస్సు స్టార్టు చేసినాడు.